రెండు రంగుల గీతల వెంట శ్రీలంక

మొదటి రోజు, కొలంబో

మేం కొలంబోలో దిగింది ఫిబ్రవరి రెండో వారంలో. ఫిబ్రవరి 4న స్వాతంత్ర్య దినం అయిపోయినా సింహం జెండాలు ఇంకా దీపస్తంభాలకి వేలాడుతూనే ఉన్నాయి. నాతో వచ్చింది మా మావయ్య. పాతికేళ్ళు చెన్నైలో ఉద్యోగం చేసిన మనిషి కాబట్టి తమిళం చదవడం, రాయడం రెండూ బాగా వచ్చు. ఆ తమిళం ఈ ప్రయాణంలో నాకు ఎంత అక్కరకొస్తుందో ఆ ఉదయానికి తెలీదు.

మరదాన వైపు డి.ఆర్. విజేవర్ధన మావత అనే రోడ్డు పక్కన పాత పుస్తకాల కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ పరీక్షల గైడ్ల కట్టల కింద అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు యాత్రా పుస్తకం దొరికింది. పేరు పేజీ చిరిగిపోయింది. రాసినదెవరో, ఎవరు అచ్చేశారో తెలుసుకునే దారి లేదు. ముందుమాటలో 1954లో ఎలిజబెత్ రాణి వచ్చి వెళ్ళిన సంగతి మొన్నమొన్నటిదిలా ఉంది. 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేసిన చట్టం ఊసు ఎక్కడా లేదు. ఆ రెండేళ్ళ నడుమ అచ్చయి ఉండాలి. దేశం పేరు అందులో ఇంకా సిలోనే.

ఆరు వందల శ్రీలంక రూపాయలిచ్చి కొన్నాను. రచయిత వాదన నాలుగు పేజీలకే తెలిసిపోయింది. ఈ దీవి కథ రెండు వేల ఏళ్ళకు పైగా ఒకే తాడులా సాగింది, ఆ తాడు సింహళ బౌద్ధులది, మిగతావాళ్ళందరూ నడుమ వచ్చిన చుట్టాలు. భాష బాగుంది, వర్ణనలు బాగున్నాయి. కానీ నేను కొన్నది ఆ రాతల కోసం కాదు, వాటి కింద ఉన్న గీతల కోసం. ఈ పుస్తకం కనీసం ఇద్దరి చేతుల్లో నలిగింది. ఒకరు ఎర్ర సిరాతో గీతలు గీసి, అక్కడక్కడ సింహళంలో ఒకటి రెండు మాటలు రాశారు. అవి అనూరాధపురం, పొలన్నరువ, క్యాండీ అధ్యాయాల నిండా ఉన్నాయి. ఇంకొకరివి పెన్సిల్ గీతలు, తమిళ అక్షరాలు. అవి తేయాకు తోటల దగ్గర మొదలై జాఫ్నా దగ్గర చిక్కబడతాయి. ఒకరు గీసిన చోట రెండోవాళ్ళు గియ్యలేదు. ఒక్క పేజీలో మాత్రం రెండూ ఉన్నాయి.

"ఈ పుస్తకంలో ఉన్న ఊళ్ళకే పోదాంరా. వీళ్ళు గీసిన చోట్లే చూద్దాం," అన్నాడు మావయ్య. ఎల్లా, మిరిస్సా బీచ్ అని నేను వేసుకున్న ప్లాను అక్కడితో మారిపోయింది.

మధ్యాహ్నం నేషనల్ మ్యూజియానికి వెళ్ళాం. 1877లో తెరిచిన తెల్లటి మేడ. అందులో క్యాండీ రాజుల సింహాసనం ఉంది. 1815లో ఇంగ్లండు తీసుకుపోయి, 1934లో తిరిగిచ్చారు. నన్ను చాలాసేపు నిలబెట్టింది మాత్రం ఒక రాతిపలక. చైనా నౌకాధిపతి జెంగ్ హి తెప్పించినది, 1409 నాటి శాసనం. ఒకే రాయి మీద మూడు భాషలు. చైనా భాషలో బుద్ధుడికి స్తుతి, తమిళంలో తేనవరై నాయనార్ అనే విష్ణువుకి, పారసీకంలో అల్లాకి. ముగ్గురికీ బంగారం, వెండి, పట్టు, సుగంధ తైలాలు కానుకలు. 1911లో గాల్ ఊళ్ళో ఒక ఇంజినీరు కంటపడే నాటికి ఇది మురుగు కాలవ మీద మూతలా బోర్లా పడి ఉందట. దీవి కోసం చెక్కిన రాయిలో సింహళం ఒక్క ముక్కా లేదు. నా పుస్తకంలో ఆ రాయే లేదు.

రెండో రోజు, అనూరాధపురం

కొలంబో ఫోర్ట్ స్టేషన్లో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం లోపు అనూరాధపురం. శ్రీ మహాబోధి చెట్టు దగ్గర తెల్లబట్టల జనం, చేతుల్లో తామరపూలు. అశోకుడి కూతురు సంఘమిత్ర క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో గయ నుంచి తెచ్చిన కొమ్మ అది. బంగారు ఊతకర్రల మీద ఆనించి కాపాడుతున్నారు. మహాసేనుడు మొదలుపెట్టిన జేతవన స్తూపం ఒకప్పుడు 122 మీటర్ల ఎత్తు, గిజాలోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత ప్రాచీన లోకంలో అంత ఎత్తయిన కట్టడం లేదంటారు. దాని పాదం దగ్గర ఇటుకల మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

కానీ నా మనసంతా ఆ రెండు రంగులు కలిసిన పేజీ మీదే ఉంది. అది ఎలార కథ. తమిళులు ఎల్లాలన్ అంటారు. చోళదేశం నుంచి వచ్చి అనూరాధపురాన్ని 44 ఏళ్ళు ఏలాడు. న్యాయం కోసం గంట కట్టించాడని, తన కొడుకు రథం కింద దూడ పడి చస్తే ఆ కొడుక్కే మరణశిక్ష వేశాడని అతన్ని ఓడించినవాళ్ళ చరిత్రే చెబుతుంది. ఆ చరిత్ర మహావంశం, 5వ శతాబ్ది నాటి పాళీ గ్రంథం. దక్షిణం నుంచి సింహళ రాజు దుట్టగామణి వచ్చి, ఏనుగు మీద ఎదురుగా తలపడి ఎలారని చంపాడు. తర్వాత అంత్యక్రియలు తనే చేయించి, సమాధి కట్టించి, అటుగా వెళ్ళేవాళ్ళు దానికి మొక్కాలని శాసించాడు. రాజులు సైతం ఆ దాపుకి రాగానే మేళతాళాలు ఆపించేవారట.

అదే గ్రంథంలో ఇంకో మాట ఉంది, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అంతమందిని చంపానని దుట్టగామణి కుమిలిపోతుంటే అరహంతులు, అంటే నిర్వాణం అందుకున్న భిక్షువులు, వచ్చి ఓదారుస్తారు. నువ్వు చంపినది ఒకటిన్నర మనుషుల్నే, త్రిశరణం మాత్రమే తీసుకున్నవాడు సగం, పంచశీలం కూడా పాటించేవాడు ఒకడు, మిగిలినవాళ్ళు పశువులతో సమానం అంటారు. సమాధికి మొక్కమన్న రాజూ, ఈ ఒకటిన్నర లెక్కా ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. తర్వాతి తరాల్లో ఎవరికి ఏది కావాలో అది తీసుకున్నారు.

ఆ పేజీలో ఎర్ర గీత దుట్టగామణి పేరు కింద ఉంది. పక్కన సింహళంలో రెండు మాటలు. మా గెస్ట్‌హౌస్ ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని చదివింది. "అపే రజ్జురువో." మన రాజు అని అర్థం చెప్పి పుస్తకాన్ని నా చేతికి మెల్లిగా ఇచ్చింది. పెన్సిల్ గీత సమాధి అనే మాట కింద ఉంది. పక్కన తమిళం. మావయ్య వెలుతురుకి పట్టి చదివాడు. "ఇన్నుం ఇరుక్కిఱదా?" ఇంకా ఉందా అని.

సాయంత్రం త్రీవీలర్ మాట్లాడుకుని వెతకబోయాం. డ్రైవర్‌కి ఎలార సమాధి తెలీదు. పుస్తకంలోని మ్యాపు చూపిస్తే తిన్నగా ఒక ఇటుకల దిబ్బ దగ్గర ఆపాడు. బోర్డు మీద ఉన్న పేరు దక్షిణ స్తూపం. తర్వాత తెలిసిందేమిటంటే, తరతరాలుగా ఎలార సమాధి అని జనం మొక్కిన దిబ్బ అదే. 1940ల్లో పురావస్తు అధికారి పరణవితాన తవ్వించి, ఇది సమాధి కాదు, బౌద్ధ స్తూపం అని తేల్చారు. అందులో దుట్టగామణి చితాభస్మమే ఉందని ఆ తర్వాత వాదించినవాళ్ళూ ఉన్నారు. తవ్వకం తప్పని నేను అనను, ఇటుకలు చెప్పింది ఆయన రాశారు. కానీ ఓడిన రాజుకి తలవంచడానికి జనానికి ఉన్న ఒక్క చోటూ దానితో పోయింది.

"ఏం రాద్దాంరా ఇప్పుడు ఆ పెన్సిలాయనకి?" అన్నాడు మావయ్య. నా దగ్గర జవాబు లేదు. చీకటి పడే దాకా ఆ దిబ్బ ముందే కూర్చున్నాం.

మూడో రోజు, పొలన్నరువ

ఎండ మండిపోయింది. పరాక్రమబాహు 12వ శతాబ్దంలో కట్టించిన చెరువుని సముద్రం అన్నారంటే అనరూ మరి, అవతలి ఒడ్డు ఆనలేదు. గల్ విహారలో పడుకున్న బుద్ధుడి తల కింద దిండు తల బరువుకి కొద్దిగా నొక్కుకుపోయినట్టు చెక్కారు. రాయి అని తెలిసీ చూపు మళ్ళలేదు. ఆ అధ్యాయం పుస్తకంలో ఎర్రగా నిండిపోయి ఉంది, న్యాయమే.

అక్కడే చోళుల నాటి శివాలయం ఉంది, తమిళ శాసనాలతో. చోళులు ఈ ఊరు రాజధానిగా 11వ శతాబ్దంలో యాభై ఏళ్ళకు పైగా ఏలారు. మా రచయిత ఆ గుడిని అర వాక్యంలో దాటేశాడు. పెన్సిల్ కూడా ఏమీ అనలేదు.

నాలుగో రోజు, క్యాండీ

క్యాండీ అధ్యాయంలో నేనే పెన్సిల్ పట్టుకోవాలనిపించింది.

బుద్ధుడి దంతధాతువున్న దంత దేవాలయం, పక్కన చెరువు, చుట్టూ పచ్చటి కొండలు. పుస్తకం దీన్ని సింహళ స్వాతంత్ర్యపు చివరి కోట అంటుంది. అది నిజమే. పోర్చుగీసువాళ్ళనీ డచ్చివాళ్ళనీ నిలవరించి 1815 దాకా నిలిచిన రాజ్యం ఇది. అయితే ఆ చివరి డెబ్బై ఆరేళ్ళు దాన్ని ఏలింది ఎవరు? 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, మధురై నుంచి వచ్చిన ఆయన రాణి తమ్ముణ్ణి గద్దెనెక్కించారు. అక్కణ్ణుంచి నలుగురు రాజులూ నాయకర్లే. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి మధురైకి దిగిన కుటుంబాల వాళ్ళు. దళదా మాళిగావ, అంటే ఆ దంత దేవాలయం మెట్ల మీద నిలబడి ఈ సంగతి తలుచుకుంటే నా గొంతు పట్టేసింది.

ఆ నలుగురిలో కీర్తిశ్రీ రాజసింహుడు శైవ కుటుంబంలో పుట్టాడు. దీవిలో ఉపసంపద, అంటే భిక్షువుగా పూర్తి దీక్ష, ఇవ్వగలిగిన భిక్షువే మిగల్లేదని తెలిసి సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి థేరుణ్ణి రప్పించాడు. 1753లో మొదలైన ఆ సంప్రదాయాన్నే ఇవాళ్టికీ సియాం నికాయ అంటారు. ఏసల పెరహెర ఊరేగింపులో దంతధాతువు ముందు నడిచే ఏర్పాటు కూడా ఆయన కాలానిదే. అంటే ఈ దేశం తన గుర్తింపుగా చెప్పుకునే బౌద్ధం మళ్ళీ ఊపిరి పోసుకున్నది తెలుగు మూలాలున్న రాజు చేతుల్లో. పుస్తకంలో దీనికి రెండు వాక్యాలు. ఎర్ర సిరా ఆయన పేరు కింద గట్టిగా గీసింది, అది చూసి నాకు సంతోషమేసింది.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. గుడి పక్కన చెరువు తవ్వించింది ఆయనే. క్రూరుడన్న పేరుంది, ఆయన వేసిన శిక్షల కథలు వింటే ఆ పేరు ఊరికే రాలేదనిపిస్తుంది. ఆయన ప్రధానులే ఇంగ్లీషువాళ్ళ వైపు తిరిగారు. 1815 మార్చి 2న మగుల్ మడువ అనే సభామండపంలో ఒప్పందం చదివారు. అందులో బౌద్ధాన్ని కాపాడతామని ఒక మాట, మలబారు జాతికి ఈ గద్దె మీద ఇక హక్కు లేదని ఒక మాట. నాయకర్లని ఇంగ్లీషువాళ్ళు పిలిచిన పేరు మలబార్లు. రాజుని వెల్లూరు కోటకి పంపారు, 1832లో అక్కడే పోయాడు.

మండపంలో చెక్కిన కొయ్య స్తంభాలు ఇంకా ఉన్నాయి. ఒకదాన్ని ఆనుకుని మావయ్య అన్నాడు, "జెండా మీద సింహం ఈయనదేగా?" అవును. 1948లో ఎగరేసింది క్యాండీ రాజు జెండాలోని సింహాన్నే. 1951లో దాని పక్కన తమిళులకి కాషాయం, ముస్లింలకి పచ్చ రంగు పట్టీలు చేర్చారు. బయట స్తంభానికున్న జెండాని ఆ సాయంత్రం దగ్గర నుంచి చూశాను. సింహం ఒక పసుపు చట్రంలో, ఆ రెండు పట్టీలు ఇంకో పసుపు చట్రంలో. ఒకే గుడ్డ మీద, నడుమ గోడ.

అయిదో రోజు, నాను ఓయ

క్యాండీ నుంచి కొండ రైలు. కిటికీ పక్కన నీలం చీరలో ఒక తమిళావిడ, ఒళ్ళో నిద్రపోతున్న మనవరాలు. పుస్తకంలో తేయాకు అధ్యాయం ముప్పై పేజీలు. కాఫీ తోటలు 1869 నుంచి ఆకుతెగులుకి నాశనం కావడం, అంతకు రెండేళ్ళ ముందే లూలెకొండెర తోటలో జేమ్స్ టేలర్ 19 ఎకరాల్లో తేయాకు వేయడం, అన్నీ వివరంగా ఉన్నాయి. ఆ మొక్కల్ని కోసిన మనుషులు మాత్రం కొండల మీద రంగురంగుల బుట్టలుగా ఒక్కసారి కనిపించి మాయమవుతారు.

అక్కడే పెన్సిల్ మొదలవుతుంది. మార్జిన్లో గీతలు కాదు, ఒక ఏడాది, మూడు పదాలు. మావయ్య చదివి, ఎదురుగా కూర్చున్న ఆవిడకి చూపించాడు.

"1948. అప్పా, చిత్తప్పా, నాన్." నాన్న, బాబాయి, నేను.

ఆవిడకి వివరించక్కర్లేకపోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పౌరసత్వ చట్టం వచ్చింది. తాతల కాలం నుంచి తోటల్లో పనిచేస్తున్న లక్షల మంది ఒక్క సంతకంతో ఏ దేశానికీ చెందనివాళ్ళయిపోయారు. 1964లో మన ప్రధాని శాస్త్రి గారూ లంక ప్రధాని సిరిమావో బండారనాయకే కూర్చుని పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది లంకకి. "మా పెద్దక్కని అటు పంపేశారు అన్నా. నేను ఇటు ఉన్నా. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి," అంది ఆవిడ మావయ్యతో. మిగిలిపోయిన వాళ్ళకి పౌరసత్వం దక్కింది 2003లో. ఆవిడ నాను ఓయలో మాతోనే దిగి, వాళ్ళ లయం ఎటో చెయ్యి చూపించింది. తోటల్లో ఒకే కప్పు కింద వరసగా కట్టిన గదుల్ని లయం అంటారు. వాటి పైకప్పు రేకులు ఎండకి మెరుస్తున్నాయి.

ఆరో రోజు

రోజంతా బస్సుల్లోనే. క్యాండీలో మారి, రాత్రికి జాఫ్నా. మధ్యలో టీ తాగిన చోట ఒక పాత మోరిస్ మైనర్ ఆగి ఉంది. దాని నంబరు పలక మీద అంకెల నడుమ సింహళ లిపిలో శ్రీ. మనం ఏ కాగితం మీదైనా మొదట రాసే అక్షరం. ఈ అక్షరాన్ని బళ్ళ పలకల మీద పెట్టినందుకు 1958లో ఉత్తరాన తమిళులు దాని మీద తారు పూశారు, బదులుగా కొలంబోలో సింహళీయులు తమిళ బోర్డులకి తారు పూశారు. ఆ ఏడాదే ఊచకోతలు జరిగాయి. 1972లో సిలోన్ పోయి అదే శ్రీ దేశం పేరు ముందుకి వచ్చింది. నేను ఆ పలకని వేలితో తాకి చూశాను, పెయింటు పెచ్చులూడుతోంది.

ఏడో రోజు, జాఫ్నా

తమిళంలో యాళ్పాణం. జాఫ్నా పబ్లిక్ లైబ్రరీ తెల్లటి గుమ్మటాలు దూరానికే కనిపిస్తాయి, ముందు సరస్వతి విగ్రహం. 1933లో చెల్లప్ప అనే ఆయన ఇంట్లో కొన్ని పుస్తకాలతో మొదలైంది. మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ సలహాలతో పెద్దదై, 1959లో ఈ భవనంలోకి వచ్చింది. 1981 మే 31 రాత్రి మొదలుకుని తగలబెట్టారు. 97,000 పుస్తకాలు, తాళపత్రాలు, మళ్ళీ రాయలేని చేతిరాతలు. మంటలు చూసి గుండె ఆగి ఫాదర్ డేవిడ్ అనే పండితుడు చనిపోయాడు.

ఇప్పుడున్నది మళ్ళీ కట్టిన భవనం. లోపల ఫ్యాన్ల చప్పుడు, పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలు. నా సంచిలో పుస్తకం ఉంది. పేరు పేజీ చిరిగి, అట్ట ఊడి, ఎవరూ పట్టించుకోకుండా డెబ్బై ఏళ్ళు బతికిన పుస్తకం. కొట్టువాడు దాన్ని తూకానికి వేసి ఉండొచ్చు, వెయ్యలేదు. బల్ల మీద పెట్టి జాఫ్నా అధ్యాయం తెరిచాను. ప్రతి ఊరి ఇంగ్లీషు పేరు పక్కనా పెన్సిల్‌తో తమిళ పేరు, చిన్న అక్షరాలతో, ఓపిగ్గా, ఒక్కటీ వదలకుండా. పెన్సిల్ రాతలు ఈ అధ్యాయంతో ఆగిపోతాయి. ఆ మనిషి జాఫ్నా వాడో, కొండల వాడో, తమిళుల మీద జరిగిన 1983 జులై అల్లర్లలో కొలంబో వదిలిపోయాడో, పుస్తకం అక్కడి కొట్టుకి ఎలా చేరిందో. మావయ్య ఆ పేజీలన్నీ వరసగా, పెదాలు కదుపుతూ చదివాడు. గంట పట్టింది.

ఎనిమిదో రోజు, నయినాతీవు

కురికట్టువాన్ రేవు నుంచి పడవ, ఇరవై నిమిషాలు. పుస్తకంలో ఈ దీవికి ఒకే పేరా, పేరు నాగదీప. పక్కన పెన్సిల్‌తో నయినాతీవు. దిగగానే దారి రెండవుతుంది. ఒకవైపు నాగపూసణి అమ్మన్ గుడి, ఒకవైపు నాగదీప విహారం. రెండింటిలోనూ నాగులే. ఒక మణి సింహాసనం కోసం మహోదరుడు, చూళోదరుడు అనే నాగరాజులు యుద్ధానికి దిగితే బుద్ధుడు వచ్చి సర్దిచెప్పాడని మహావంశం. వాళ్ళు మేనమామ, మేనల్లుడు. మావయ్యకి ఈ కథ విహారంలో బోర్డు ముందు చెప్పాను, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. గుడికీ వెళ్ళాం, చొక్కాలు తీసి, విభూతి పెట్టుకుని.

తిరుగు పడవలో తెల్లచీర కట్టుకున్న ఒక సింహళ పెద్దావిడ నా పక్కన కూర్చుంది. పుస్తకంలో అనూరాధపురంలోని రువన్వెలి స్తూపం ఫోటో చూసి కళ్ళకద్దుకుంది. తనది అనూరాధపురం దగ్గరి పల్లెనట. పేజీలు తిప్పుతూ రెండు రంగులున్న చోట ఆగి, పెన్సిల్ రాత మీద వేలు పెట్టి ఏమిటని అడిగింది. పడవ కుర్రాడు తమిళం చదివి సింహళంలో చెప్పాడు. ఇంకా ఉందా అని అడుగుతున్నాడమ్మా, ఎలార సమాధి.

ఆవిడ కాసేపు నీళ్ళకేసి చూసింది. చిన్నప్పుడు ఎడ్లబండిలో ఆ దిబ్బ పక్కనుంచి పోతుంటే వాళ్ళ తాత పిల్లలందరినీ మాటలు ఆపమనేవాడట, బండి దిగి కొంతదూరం నడిచేవాడట. ఎందుకని అడిగితే అక్కడ రాజున్నాడనేవాడు. ఏ రాజో చెప్పలేదు.

కుర్రాడు అది మళ్ళీ తమిళంలో మావయ్యకి చెప్పాడు. మావయ్య నా జేబులోంచి పెన్సిల్ తీసుకుని, ఊగుతున్న పడవలో, ఆ ప్రశ్న కింద తమిళంలో ఆవిడ మాటలు రాశాడు. కెరటం ఒకటి లేచి పేజీ తడిసింది. కండువాతో ఒత్తి, ఆరేదాకా పుస్తకం మూయనివ్వలేదు.